శుక్రవారం నా వంతు

1941 జనవరి 25, శనివారం

నిన్నటి దంగల్‌లో జహంగీర్‌ను పడగొట్టాను. ముందు ఈ మాటే రాసుకోవాలి. నాలుగేళ్లలో అతనితో ఐదుసార్లు కుస్తీ పట్టాను. నాలుగుసార్లు నా వీపుకే మట్టి అంటింది. జహంగీర్‌ను పడగొట్టినవాడు ఇబ్రహీంపట్నంలో ఇంతవరకు లేడు. ఇప్పుడున్నాడు. బడిపంతులు రాంచంద్ర.

రెండో సంగతి. జహంగీర్ ఇంకా కళ్లు తెరవలేదు.

పట్టు మీద పట్టు వేసుకుంటూ ఇద్దరం గోదా అంచుకు వచ్చాం. అక్కడ చుట్టూ రాతి కట్టు ఉంది. అంచుకు వస్తే ఉస్తాద్ "ఛోడో" అని అరుస్తాడు. ఇద్దరం వదిలేసి మళ్లీ నడిమికి రావాలి. కుస్తీ నేర్పే మా తాలీం పద్ధతి అది. నిన్న కూడా లాల్ మహమ్మద్ ఉస్తాద్ అరిచాడట. అన్ని వందల మంది జనం, డప్పులు, ఈలలు. ఎవరికీ వినబడలేదు. నేను నడుం పట్టి ఎత్తి వేశాను. అతని తల వెనక భాగం రాతికి తగిలింది. రక్తం పెద్దగా రాలేదు. లేస్తాడని చూశాం. లేవలేదు.

బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. వెంట ఉస్తాద్, జహంగీర్ తల్లి హుస్సేన్ బీ పోయారు. ఆమెకు మొగుడు లేడు. ఒక్కడే కొడుకు. ఎడ్లకు నాడాలు కొట్టి ఆమెను సాకుతున్నాడు.

ఆ డప్పుల్లో ఎవరికైనా ఎట్లా వినబడుతుంది?

జనవరి 26

బడికి వెళ్లాను. పిల్లలు నన్ను చూసి చప్పట్లు కొట్టారు. కొట్టవద్దని అనలేదు.

జనవరి 31, శుక్రవారం

బడికి సెలవు కాబట్టి పట్నం వెళ్లాను. జహంగీర్ మొన్న కళ్లు తెరిచాడట. తెరిచాడు గాని ఆ కళ్లు ఎక్కడ చూస్తున్నాయో తెలియలేదు. నేను పేరు పెట్టి పిలిస్తే గోడ వైపు తిరిగాడు.

డాక్టరు ఉస్తాద్‌తో ఉర్దూలో చెప్పాడు. దెబ్బ పుర్రెకు కాదు, లోపల మెదడుకు తగిలిందట. ప్రాణానికి భయం లేదట. మాట, జ్ఞాపకం, కోపతాపాలు ఎంతవరకు సర్దుకుంటాయో ఇప్పుడే చెప్పలేనన్నాడు. నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. దీనికి మందు లేదు, ఇంటికి తీసుకుపోయి ఓపికగా చూసుకోండి అన్నాడు.

డాక్టర్లు ఎప్పుడూ ఎక్కువ చేసి చెబుతారు. జహంగీర్ ఒళ్లు నాకు తెలుసు. ఇనుము.

హుస్సేన్ బీ నాకు సగం రొట్టె పెట్టింది. దంగల్‌కు ఆడవాళ్లు రారు. ఏం జరిగిందో ఆమె చూడలేదు. "కుస్తీలన్నంక దెబ్బలు తాకుతయి బేటా. నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నది.

రొట్టె తిన్నాను.

ఫిబ్రవరి 8

పీర్ల పండుగ. మా అమ్మ కూడా పీరు ముందు జహంగీర్ పేరున మొక్కుకుని దట్టీ గుడ్డ కట్టి వచ్చింది. నన్ను రమ్మంది. పని ఉందన్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

నిన్న జహంగీర్‌ను ఇంటికి తెచ్చారు. చూడటానికి సగం ఊరు వచ్చింది. అందరూ ఒకేసారి పలకరించారు. "నన్ను గుర్తుపట్టినవా? నేనెవరు చెప్పు?" అని ఒకరి వెనక ఒకరు. అతను రెండు చెవులూ మూసుకుని అరిచాడు. మంచినీళ్ల గిన్నె తీసి విసిరాడు. జనం బయటికి పరుగెత్తారు. గాలి సోకిందని ఒకరన్నారు. పిచ్చెక్కిందని ఒకరన్నారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

నడుస్తాడు. తింటాడు. కుడి చెయ్యి కొంచెం ఆలస్యంగా కదులుతుంది. కావలసిన మాట నోటికి రాదు. నీళ్లు అడగాలంటే "నాడా" అంటాడు. నాడా ఇవ్వబోతే కోపం. తల్లిని మాత్రం "అమ్మీ" అంటాడు. ఆ ఒక్క మాట పోలేదు.

ఫిబ్రవరి 18

ఉస్తాద్ ఇవాళ తాలీంలో అందరినీ కూర్చోబెట్టాడు. ఆయనకు అరవై దాటాయి, గొంతు మాత్రం గోదా అంతటా వినిపిస్తుంది.

"హుస్సేన్ బీ నాలుగు దినాల నుంచి కన్ను మూయలేదు. వాడు ఎటు పోతడో అని తలుపు కాడ కూసుంటున్నది. మనం ఏడుగురు పహిల్వాన్లం ఉన్నం. వారానికి ఏడు దినాలున్నయి. ఇంక సోంచాయించేది ఏముంది?"

పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నం నమాజు దాకా జహంగీర్‌తో ఉండాలి. స్నానం చేయించాలి, తిప్పాలి, తాలీంకు తీసుకురావాలి. ఆ పూట తల్లి పడుకోవాలి. నాకు బడి లేని రోజు శుక్రవారం. అది నేనే అడిగి తీసుకున్నాను. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మొదటి వంతు. బాగా జరిగింది. ఉగాదికల్లా ఇతన్ని మళ్లీ నాడాల పనిలో కూర్చోబెడతాను. ఒంట్లో బలముంది. మెదడుకు చదువు నేర్పాలి, అంతే. ఏమీ రాని పిల్లలకు అక్షరాలు నేర్పినవాణ్ని, వచ్చిన పనినే మళ్లీ నేర్పలేనా?

జుమ్మాకు మసీదు దాకా తీసుకువెళ్లి, అతని చెప్పులు పట్టుకుని బయట నిలబడ్డాను. లోపల ఎప్పుడు వంగాలో, ఎప్పుడు కూర్చోవాలో మరిచిపోతున్నాడు. అటు ఇటు ఉన్నవాళ్లు మోచేతితో మెల్లగా తడుతున్నారు. అప్పుడు వంగుతున్నాడు. తలుపు సందులోంచి చూశాను. ఎవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇవాళ పని మొదలుపెట్టించాను. ఎద్దును తాళ్లతో పడేయాలి, కాళ్లు కట్టాలి, గిట్ట చెక్కాలి, నాడా పెట్టాలి, మేకులు కొట్టాలి. ఐదు మెట్లు. గడగడా చెప్పాను. అప్పజెప్పమన్నాను. చెప్పలేదు. మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా చెప్పాను. పక్క నుంచి హుస్సేన్ బీ కూడా చెప్పడం మొదలుపెట్టింది. సుత్తి తీసి విసిరాడు. నా మోకాలికి తగిలింది. తర్వాత కూలబడి ఏడ్చాడు.

హుస్సేన్ బీ గోడకు ఆనుకుని, "నా కొడుకు దవాఖాన్ల చచ్చిపోయిండు. వీడెవడో ఇంటికొచ్చిండు" అన్నది. వెంటనే నోరు మూసుకుని చెంపలు వేసుకున్నది.

పట్టిన పని వదిలే అలవాటు నాకు లేదు. వచ్చే వారం రెండు మెట్లే చెబుతాను.

మార్చి 7, శుక్రవారం

తాలీంకు ఒకామె వచ్చింది. తాలీం దగ్గరికి ఆడమనిషి రావడం నేనెప్పుడూ చూడలేదు. పేరు నీలమ్మ. మొగుడు కొండల్ తాళ్లు గీసేవాడు. మూడేళ్ల కింద తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. అప్పటి నుంచి ఇల్లు దాటలేదు. ఊళ్లో ఉన్న మనిషిని ఊరు మరిచిపోయింది. నేనూ మరిచాను. ఆ ఇంటి ముందు నుంచే రోజూ బడికి పోతాను.

కొండల్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఉస్తాద్ ముందు నిలబెట్టింది. "జహంగీర్‌ను మీరందరు తిప్పుతున్నరంట. మావోన్ని గూడ జర కూసోబెట్టుకోన్రి. మూడేండ్ల సంది నేను తప్ప ఇంకో మొకం చూడలే" అన్నది.

ఉస్తాద్ తాలీం వెనక పెంకులు కప్పిన సాయబాన్ నీడ చూపించాడు. "మొగోళ్లు గోదల ఉంటరు. మీరు ఇక్కడ కూసోన్రి. ఎవరేమన్న అంటే నా పేరు చెప్పున్రి."

కొండల్‌కు మిగిలింది ఒకటే మాట. "అవ్." ఆకలైనా అవ్, వద్దన్నా అవ్, కోపం వచ్చినా అవ్. ఏ అవ్ ఏమిటో నీలమ్మకే తెలుసు.

నేను జహంగీర్‌కు పాఠం చెబుతుంటే ఆమె కొంతసేపు చూసింది. అడగకుండానే చెప్పింది. "పంతులూ, గట్ల గబగబ చెప్పొద్దు. ఒక్క మాట చెప్పి ఊకోవాలె. ఆ మాట లోపటికి పోవాలె, మల్ల బయటికి రావాలె. దానికి టైం పడతది. నువ్వు ఆగకుంట ఇంకో మాట తోసినవనుకో, రెండు కొట్టుకుంటయి."

బడి చెప్పేది నేను. నాకు పాఠం చెబుతోంది.

ఇంకా చెప్పింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడొద్దట. మధ్యాహ్నం నిద్ర తప్పొద్దట. చెంబు రోజూ ఒక్కచోటే పెట్టాలట. కోపం వస్తే ఎదురు చెప్పకుండా ఎండ లేని చోటుకు తీసుకుపోయి కూర్చోబెట్టాలట. చివరికి హుస్సేన్ బీ వైపు తిరిగి, "అక్కా, నువ్వు పొద్దుగాల తిన్నవా?" అని అడిగింది. హుస్సేన్ బీ చాలాసేపు ఆలోచించింది. తిన్నదో లేదో గుర్తు లేదు.

మార్చి 9

నీలమ్మ చెప్పింది తప్పు కాదు.

మార్చి 21, శుక్రవారం

ఒక్క మాట చెప్పి నూరు లెక్కపెడుతున్నాను. లోపలే, పైకి కాదు. ఇవాళ "తాడు" అని చెప్పి డెబ్బై దాకా వచ్చేసరికి జహంగీర్ లేచి వెళ్లి తాడు తెచ్చాడు. ముడి వేశాడు. ఆ ముడి నాకు రాదు. అతని వేళ్లకు వచ్చు. నోటికి పోయింది గాని చేతికి పోలేదు.

ఉగాదికల్లా కాదు. వానలకల్లా. తప్పకుండా.

కొండల్ పక్కనే కూర్చుని "అవ్" అన్నాడు. జహంగీర్ నవ్వాడు. ఇంటికి వచ్చాక అతను నవ్వడం ఇదే మొదటిసారి.

సాయబాన్ కింద నీలమ్మ, హుస్సేన్ బీ చింతపండు పిసుకుతూ మాట్లాడుకుంటున్నారు. వాళ్లేం మాట్లాడుకుంటారో మాకు చెప్పరు. ఒకామె పడుకుంటే ఇంకొకామె ఇద్దరినీ చూస్తుంది. తర్వాత రెండో ఆమె పడుకుంటుంది. మధ్యాహ్నం దాకా పట్టపగలు అట్లా కళ్లు మూసుకుని పడుకున్న పెద్ద మనుషులను చూస్తే నాకెందుకో ధైర్యంగా ఉంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇవాళ బాలనర్సింహ కూడా ఉన్నాడు. సోమవారం వంతు అతనిది. సాయబాన్ కింద అందరం అంబలి తాగుతున్నాం. నీలమ్మ హుస్సేన్ బీని అడిగింది, "అక్కా, ఎవలతోని పడుతుంటే తాకింది దెబ్బ?" అని.

హుస్సేన్ బీ నన్ను చూపించింది. "గీ పిల్లగానితోనే. గీన్ని ఏమనాలె? కుస్తీల దెబ్బ ఎవని చేతిల లేదు. ఒక్క శుక్రవారం తప్పలే. వీడు నాకు రెండో కొడుకు."

అందరూ నా వైపు చూశారు. అంబలి బాగుందన్నాను.

ఏప్రిల్ 5

వినబడింది.

ఏప్రిల్ 6, ఆదివారం

నిన్న ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ మిగతాది రాస్తాను. చదివేది నేనే గదా.

ఆ క్షణంలో డప్పులు ఆగాయి. కొట్టేవాడు కర్ర మార్చుకున్నాడో ఏమో. ఉస్తాద్ "ఛోడో" అన్నది స్పష్టంగా వినబడింది. జహంగీర్‌కు కూడా వినబడింది. అతని చేతులు నా భుజాల మీది నుంచి జారిపోయాయి. నాలుగేళ్లలో మొదటిసారి అతని పట్టు నా మీద లేదు. అప్పుడు నా ఒళ్లు తేలికైంది. ఆ తేలిక నాకింకా గుర్తుంది. వదిలేశాడని తెలిసే ఎత్తాను. కట్టు దగ్గరున్నామని కూడా తెలుసు. తల తగలాలని అనుకోలేదు. గెలవాలనుకున్నాను.

ఇంతకుముందు రాసిన పేజీలు చించలేదు. ఉండనీ.

ఏప్రిల్ 11, శుక్రవారం

చెప్పాను.

జహంగీర్ నిద్రపోయాక చెప్పాను. హుస్సేన్ బీ వాకిట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని, "ఖాలా, ఉస్తాద్ ఛోడో అన్నది నాకు వినబడ్డది" అన్నాను.

చేట ఆగింది. "మల్లొక్కపారి చెప్పు."

మళ్లీ చెప్పాను.

"వాడు నిన్ను ఇడిసిపెట్టిండా?"

"ఇడిసిపెట్టిండు."

"ఇడిసిపెట్టినంక ఎత్తినవా?"

"ఎత్తిన."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గొళ్లెం పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత తాలీంకు వెళ్లి ఉస్తాద్‌కు కూడా చెప్పాను.

ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. "నాకు షక్ ఉండె. షక్ మీద మనిషిని అడగొద్దని ఊకున్న. నువ్వే వచ్చి చెప్తవో లేదో చూద్దామని చూసిన. మస్తు దినాలు తీసుకున్నవ్."

శిక్ష కూడా ఆయనే వేశాడు. ఏడాదిపాటు నేను గోదాలో కుస్తీ పట్టకూడదు. కానీ రోజూ పొద్దున వచ్చి మట్టి తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, మిగతావాళ్లు దిగేలోపు వెళ్లిపోవాలి. సరేనన్నాను. వెనక్కి తగ్గలేదు. ఇంకో ఏడాది వేసినా తవ్వేవాణ్నే.

ఏప్రిల్ 12

మట్టి తవ్వాను. చేతులు బొబ్బలెక్కాయి.

ఏప్రిల్ 14

మట్టి తవ్వాను. బాలనర్సింహ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

గొళ్లెం పెట్టిన ఇంటికి నేను వెళ్లలేదు. నా బదులు బాలనర్సింహ వెళ్లాడు. ఇంట్లో కూర్చుని పిల్లల కాపీలు దిద్దాను. ఒకటే కాపీని రెండుసార్లు దిద్దాను.

బాలనర్సింహ సాయంత్రం వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, గడపలో నిలబడే చెప్పాడు. జహంగీర్ పొద్దటి నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాడట. జుమ్మాకు పోదాం రా అంటే రానన్నాడట. "పంతులు" అన్నాడట. ఎంత చెప్పినా అదే మాటట.

జహంగీర్ నన్ను పంతులు అనడం ఇదే మొదటిసారి. దెబ్బ తగిలాక నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. ఆ మాట పుట్టిన రోజున నేను లేను.

ఏప్రిల్ 24, గురువారం

బడి వదిలే వేళకు నీలమ్మ వచ్చింది. కొండల్ వెంట ఉన్నాడు. ఇప్పుడు ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోతోంది.

"రేపు నీ వంతని హుస్సేన్ బీ అక్క చెప్పమన్నది" అన్నది.

నా జవాబు కోసం నీలమ్మ నూరు దాకా ఆగింది. ఆమెకు అలవాటే.

"మాఫీ చేసిందా అక్కా?" అని అడిగాను.

"చెయ్యలే. చేస్తదో చెయ్యదో నాకెరుక లేదు. మాఫీ వేరే, వంతు వేరే అన్నది. మాఫీ ఆమె ఇష్టం. వంతు ఆమె కొడుకుది."

కొండల్ నా భుజం తట్టి "అవ్" అన్నాడు. ఆ అవ్‌కు అర్థం నేనడగలేదు, నీలమ్మ చెప్పలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

వెళ్లాను. హుస్సేన్ బీ నాతో మాట్లాడలేదు. జహంగీర్ స్నానానికి నీళ్లు పెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం వెళ్లేటప్పుడు నా ముందు అన్నం పెట్టలేదు. అది న్యాయమే. జుమ్మాకు మాత్రం జహంగీర్ నాతో పరుగులాంటి నడకతో వచ్చాడు.

మే 2, శుక్రవారం

జహంగీర్‌కు కూడా చెప్పాలి గదా. అతనికి చెప్పకుండా ఊరంతా చెబితే ఏం లాభం? గోదా పక్కన కూర్చోబెట్టి ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. నువ్వు. నేను. కుస్తీ. నిన్ను పడేసిన. తప్పు చేసి పడేసిన.

చాలాసేపు ఆలోచించాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వా? నన్నా? ఝూట్!"

ఆ రోజు సంగతి అతనికి ఏమీ గుర్తు లేదు. దానికి ముందు నాలుగేళ్లు గుర్తున్నాయి. ఆ నాలుగేళ్లలో నేను ఓడిపోయేవాణ్ని.

మే 9, శుక్రవారం

మళ్లీ చెప్పాను. పోయిన వారం చెప్పింది మరిచిపోయాడు. మళ్లీ అదే నవ్వు. "ఝూట్."

మే 16, శుక్రవారం

ఇక చెప్పలేదు. అతనికి అది అక్కర్లేదు. చెప్పి చెప్పి తేలికపడాలనుకుంటున్నది నేనే. తేలిక కావాలని ఎత్తితే ఏమైందో ఒకసారి చూశాను.

మే 28, బుధవారం

బడికి ఎండాకాలం సెలవులు. ఇప్పుడు వారానికి మూడు పూటలు వెళుతున్నాను. పెద్దగా రాయడానికి తీరడం లేదు గాని ఇవాళ్టిది రాయాలి.

నాదర్‌గుల్ నుంచి ఒక రైతు బండెద్దును తోలుకొచ్చాడు. జహంగీర్ సంగతి అతనికి తెలియదు, పాత అలవాటుకొద్దీ వచ్చాడు. హుస్సేన్ బీ వెనక్కి పంపబోయింది. జహంగీర్ అప్పటికే తాడు తీసుకున్నాడు.

నేను ఒక్కో మాట చెబుతూ ఆగాను. తాడు. ఆగాను. ఎద్దు మెల్లగా ఒరిగి పడుకుంది. కాళ్లు. కొండల్ వచ్చి కాళ్లు కట్టిన తాడును బిగించి పట్టుకున్నాడు. ఎవరూ పిలవలేదు. తాళ్లెక్కిన చేతులు అవి, ఇప్పటికీ ఊడిరాని పట్టు. గిట్ట. ఉలి పట్టుకుని చెక్కాడు. మేకులు కొట్టేటప్పుడు కుడి చెయ్యి వణికింది. ఆగాడు. సుత్తి ఎడమ చేతికి మార్చుకున్నాడు. అది నేను చెప్పలేదు, నాకు తోచనే లేదు. పూర్వం అరగంట పని. ఇవాళ పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. రైతు చింతచెట్టు కింద పడుకుని ఒక నిద్ర తీశాడు. లేచి గిట్టలు నాలుగూ చూసి, "మంచిగ కొట్టినవ్. మల్ల వస్త" అన్నాడు.

హుస్సేన్ బీ కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. చాలాసేపటికి నా ముందు అన్నం గిన్నె పెట్టి వెళ్లింది. తిన్నాను.

పాత జహంగీర్ రాడు. ఇది రాయడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ జహంగీర్ ఎడమ చేత్తో మేకు కొడతాడు.

జూన్ 20, శుక్రవారం

వానలు. గోదా నిండా నీళ్లు. సాయబాన్ కింద అందరం ఇరుక్కుని కూర్చున్నాం. జహంగీర్‌కు ఉరుములు పడవు. నీలమ్మ చెవులకు గుడ్డ కట్టింది. కొండల్ తనకూ కట్టమని "అవ్" అన్నాడు.

జులై 25, శుక్రవారం

మహేశ్వరం నుంచి ఒక బండి వచ్చింది. అందులో శ్రీపాల్ అనే మనిషి, అతని పెండ్లాం రుక్మాబాయి. అతనికి ముప్పై ఏళ్లుంటాయి. ఎండాకాలంలో బావి పూడిక తీస్తుంటే పైనుంచి రాయి తల మీద పడిందట. నాడాలు కొట్టించుకుపోయిన నాదర్‌గుల్ రైతు చెప్పాడట, ఇబ్రహీంపట్నం తాలీంలో ఇట్లాంటి వాళ్లను కూర్చోబెట్టుకుంటారని.

శ్రీపాల్ బండి దిగనన్నాడు. దింపబోతే బండి తోలుకొచ్చిన బావమరిది చెయ్యి కొరికాడు. రుక్మాబాయి చదువుకున్నవాణ్నని నా దగ్గరికి వచ్చింది. ఆమె బుగ్గ మీద గోళ్ల గీతలున్నాయి.

"బాగైతడా అయ్యా? ఎన్ని దినాలకు బాగైతడు?"

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నోరు తెరిచేలోపు హుస్సేన్ బీ లేచి వచ్చింది.

"నేను గూడ గదే అడిగేదాన్ని బిడ్డా. ఎవరిని పడితే వాళ్లను అడిగేదాన్ని. నీకు అబద్ధం చెప్ప. గాయన మునుపటి తీరు అయితడో కాడో ఎవ్వరికీ ఎరుక లేదు. మావోడు కాలే. కాని ఉన్నడు. పని చేస్తడు. నవ్వుతడు. నేను నిద్రపోతున్న." ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు నిద్రపోయి ఎన్ని దినాలైంది?"

రుక్మాబాయి ఏడవడం మొదలుపెట్టింది. నీలమ్మ చాప పరిచింది. నడి పొద్దున, కొత్త ఊళ్లో, కొత్త మనుషుల మధ్య ఆమె పడుకున్న నిమిషంలో నిద్రపోయింది.

బండిలో శ్రీపాల్ అరుస్తూనే ఉన్నాడు. ఎవరేం చెప్పినా అరుపే. జహంగీర్ వెళ్లి బండెక్కాడు. నేను ఆపబోతే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. జహంగీర్ శ్రీపాల్ పక్కన గడ్డి మీద కూర్చున్నాడు, అంతే. శ్రీపాల్ నెట్టాడు. జహంగీర్ కొంచెం జరిగి మళ్లీ కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది. అరుపులు గొణుగుడయ్యాయి, గొణుగుడు ఆగింది. చూస్తే ఇద్దరూ బండిలోనే ఒకరి కాళ్ల మీద ఒకరు కాళ్లు వేసుకుని నిద్రపోతున్నారు.

సాయంత్రం రుక్మాబాయి లేచింది. ముఖం కడుక్కుని, బండి కట్టబోతూ ఆగింది. రోజూ ఇంత దూరం రావడం కుదరదు. ఇక్కడికి ఆరు కోసులు. బావమరిది పొలం పని వదలలేడు. అక్కడ మహేశ్వరంలో ఎవరూ లేరు. ఆమె ఆ మాటలన్నీ చెప్పలేదు, బండి చక్రం పట్టుకుని నిలబడింది. అర్థమైంది.

"మా దిక్కు ఎవరన్న వస్తరా?" అని మెల్లగా అడిగింది.

అందరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను చెయ్యెత్తలేదు. పోయిన ఫిబ్రవరిలో అందరికంటే ముందు ఎత్తాను. ఈసారి ఆ చెయ్యి లేవలేదు. నన్ను పంపాలో వద్దో చెప్పవలసిన మనిషి అక్కడే ఉంది.

హుస్సేన్ బీ నా వైపు చూడకుండానే చెప్పింది.

"పై శుక్రవారం గీ పంతులు వస్తడు. తప్పు చేసినోడే. కాని వంతు తప్పడు. నీ ఇంట్ల కూసోబెట్టుకో. నువ్వు పండుకో."

రుక్మాబాయి నాకు దండం పెట్టబోయింది. వద్దన్నాను. ఎడ్లను తెచ్చి కాడి కింద పెట్టాను.

జులై 31, గురువారం

మహేశ్వరం మనుషులకు ఎట్లా చెప్పాలో నీలమ్మ దగ్గర ఇంకోసారి నేర్చుకున్నాను. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లను ముందు కలవమన్నది. ఇద్దరు దొరికినా చాలట. ఇద్దరు కాదు, నలుగురిని కూడగడతాను. నాకు నమ్మకముంది.

జహంగీర్ వస్తానన్నాడు. తల్లి ఒప్పుకుంది, రొట్టెలు ఇద్దరికీ కట్టింది. జుమ్మా అక్కడి మసీదులో.

తెల్లవారక ముందే బయల్దేరాలి. దారిలో రెండు వాగులు దాటాలి. బండి ఇచ్చేవాడు బాలనర్సింహ. నిన్న ఇంట్లోకి వచ్చి కూర్చుని మరీ చెప్పాడు.